కాపరి, గొర్రె మాటలు పట్నం బతుకులో ఎలా పనికొస్తాయి? జీవాల మధ్య పెరిగినవాడి జవాబు

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీరు అడిగింది ఇదీ. బైబిల్లో "యెహోవా నా కాపరి" అని మొదలయ్యే 23వ కీర్తన మీకు చిన్నప్పుడే కంఠతా వచ్చేసింది. కానీ గచ్చిబౌలిలో ఫ్లాట్‌లో ఉంటూ నైట్ షిఫ్టు చేసే మీకు గొర్రె అంటే మటన్ షాపు ముందు కట్టేసిన జీవమే. పచ్చిక, లోయ, దుడ్డుకర్ర అన్నీ ఫ్రేమ్ కట్టించి గోడకు తగిలించుకునే మాటల్లా మిగిలిపోయాయి. ఈ మధ్యే టీమ్ లీడ్ అయ్యారు, ఇంట్లో అమ్మగారికి ఆరోగ్యం బాగాలేదు, ఈ బతుకులో ఆ మాటలతో ఏం చేయాలి అని. ఇంకోటి, మీ చర్చి సంఘంలో ఒకరు "గొర్రె తెలివి తక్కువది, అందుకే దేవుడు మనల్ని గొర్రెలన్నాడు, కాపరి మాటకు ఎదురు చెప్పకూడదు" అన్నారట, అది మీకు మింగుడు పడలేదు.

నాకూ మింగుడు పడదు. నేను బైబిలు పండితుణ్ణి కాను, హీబ్రూ రాదు, ఒకటి రెండు మాటలు తెలిసినవాళ్లను అడిగి నేర్చుకున్నవే. మా తాత పాలమూరు జిల్లాలో జీవాలు కాసిన మనిషి. నేను పశువైద్యశాఖలో కింది ఉద్యోగంలో 31 ఏళ్లు పనిచేశాను, నట్టల మందు తాగించడం, గొర్రెలను ఉన్నట్టుండి చంపే చిటుకు రోగానికి టీకాలు వేయడం, చెవికి ట్యాగులు కొట్టడం, అదే నా పని. ఆదివారాలు సండే స్కూల్. ఈ రెండు పనులూ ఒకదాన్ని ఒకటి సరిదిద్దాయి, ఎక్కువగా మొదటిది రెండోదాన్ని.

ముందు ఒక చిన్న పని చేయండి. 23వ కీర్తనలో క్రియలన్నీ ఒక కాగితం మీద రాయండి. పరుండజేయుచున్నాడు, నడిపించుచున్నాడు, సేదదీర్చుచున్నాడు, ఆదరించును, సిద్ధపరచుదువు, అంటియున్నావు. ఎవరు చేస్తున్న పనులివి? అన్నీ కాపరివే. గొర్రె చేసేదల్లా ఆ లోయలో నడవడం, భయపడకపోవడం, చివరికి ఆయన మందిరంలో ఉండిపోవడం. అంటే ఆ కీర్తనలో గొర్రె తెలివి గురించి ఒక్క ముక్క కూడా లేదు, కాపరి డ్యూటీ గురించే ఉంది. రోజువారీ బతుకులోకి దిగాలంటే దారి అదే, ఆ డ్యూటీ ఏమిటో దగ్గరగా చూడాలి. దేవుడు మన విషయంలో ఏం చేస్తున్నాడో అందులో తెలుస్తుంది, మన చేతికి అప్పజెప్పిన మనుషుల విషయంలో మనం ఏం చేయాలో కూడా అందులోనే తెలుస్తుంది. ఇంట్లో అమ్మకూ, ఆఫీసులో టీముకూ ఇప్పుడు మీరే కాపరి, అదే సమయంలో గొర్రె కూడా. ఈ కీర్తన దావీదుది అంటారు, ఆయన కూడా అంతే, మందను కాసినవాడే "యెహోవా నా కాపరి" అన్నాడు.

తెలివి సంగతి తేల్చేసి ముందుకు పోదాం. ఇంగ్లండ్‌లో కీత్ కెండ్రిక్ అనే శాస్త్రవేత్త బృందం 2001లో నేచర్ పత్రికలో ఒక పరిశోధన ప్రచురించింది. గొర్రెలు 50 తోటి గొర్రెల ముఖాలను విడివిడిగా గుర్తుపట్టి, రెండేళ్లకు పైగా గుర్తుంచుకున్నాయని అందులో తేలింది. మా తాతకు ఆ పత్రిక అక్కర్లేకపోయింది, ఆయనకు అది ముందే తెలుసు. నేను నా కళ్లతో చూసింది ఇంకోటి ఉంది. తెలంగాణలో 2017లో గొర్రెల పంపిణీ మొదలైంది గుర్తుందా, యూనిట్‌కు 20 గొర్రెలు, ఒక పొట్టేలు. పక్క రాష్ట్రాల నుంచి లారీల్లో వచ్చేవి. దింపిన రోజు కొత్త యజమాని గొంతు చించుకుని పిలిచినా ఒక్కటీ తల తిప్పేది కాదు. పాత మందలోని జీవాలు మాత్రం ఆ అరుపు వినగానే చెవులు నిక్కబొడిచేవి. కొత్తవాటికి ఆ గొంతు అలవాటు కావడానికి వారాలు పట్టింది. యోహాను సువార్త 10వ అధ్యాయంలో యేసు చెప్పిన "నా గొఱ్ఱెలు నా స్వరము వినును" అన్న మాట నేను అప్పటిదాకా విధేయత గురించే అనుకున్నాను. ఆ లారీ దగ్గర నిలబడ్డాక అర్థమైంది, అది పరిచయం గురించి. రోజూ మేతకు తీసుకెళ్లి, నీళ్లకు తీసుకెళ్లి, ముల్లు తీసి, రాత్రి పక్కన పడుకున్న గొంతు కాబట్టి వింటుంది. తెలియని గొంతుకు తిరగకపోవడం దానికి తెలివి లేక కాదు, ఉండబట్టే. మీ సంఘంలో ఆ మాటన్న పెద్దమనిషి ఈ అధ్యాయంలో ఐదో వచనం ఇంకోసారి చదివితే బాగుండు, అన్యుని వెంబడింపక అవి పారిపోతాయని అక్కడే ఉంది.

ఇక్కడ నా సిగ్గుమాలిన కథ ఒకటి చెప్పాలి. 24 ఏళ్ల వయసులో మా ఊళ్లో ఒక ప్రార్థన కూటంలో నా విశ్వాసం గురించి సాక్ష్యం చెప్పమన్నారు. అప్పట్లో ప్రసంగాల్లో ఒక కథ బాగా తిరిగేది, ఇప్పటికీ తిరుగుతోంది, యూట్యూబ్‌లో ఎన్నోసార్లు విన్నాను. పదే పదే తప్పిపోయే గొర్రెపిల్ల కాలును కాపరి తానే విరగ్గొడతాడట, కట్టు కట్టి మెడ మీద మోస్తాడట, కాలు అతుక్కునేసరికి అది కాపరిని వదలదట, దేవుడు కూడా మనకు కష్టాలు అలాగే ఇస్తాడట. ఆ కథను నేను కళ్లు మూసుకుని, గొంతు వణికిస్తూ చెప్పాను. మా తాత ప్రార్థనలకు వచ్చే రకం కాదు, ఆ రోజు మనవడు మాట్లాడుతున్నాడని వెనక గొంగడి కప్పుకుని కూర్చున్నాడు. ఇంటికి వచ్చాక బీడీ వెలిగించి అడిగాడు.

"ఎవడురా వాడు?"

"ఎవరు తాతా?"

"గా పిల్ల కాలు ఇరగ్గొట్టినోడు. వానికి జీవాలు ఇచ్చినోడెవడు?"

నా దగ్గర జవాబు లేదు. ఆయన చెప్పుకుంటూ పోయాడు, కాలు విరిగిన జీవం మంద వెంట నడవదు, వెదురు బద్దలు కట్టి నెల పైన చూడాలి, పెద్ద గొర్రె అయితే 25, 30 కిలోలు, దాన్ని మోస్తూ మిగతా 80 జీవాలను ఎవడు కాస్తాడు, ఆ కుంటిదాన్ని వదిలితే నక్క తింటుంది, పట్టుకొస్తే మంద ఆగిపోతుంది. పని తెలిసినవాడు ఎవడూ తన చేతుల్తో జీవం కాలు విరవడు. పదే పదే తప్పిపోయేదానికి ఏం చేస్తావు తాతా అంటే, మెడకు గంట కడతానన్నాడు, లేకపోతే నిలకడగా ఉండే ముసలి గొర్రెకు జత చేసి కడతానన్నాడు.

ఆ రాత్రి బైబిలంతా తిరగేశాను. ఆ కథ ఎక్కడా లేదు. లూకా 15లో తప్పిపోయింది దొరికినప్పుడు కాపరి "సంతోషముతో" దాన్ని భుజాల మీద వేసుకుంటాడని ఉంది, కాలి ఊసే లేదు. యెషయా 40:11లో పిల్లలను రొమ్మున ఆనించుకుని మోస్తాడు, పాలిచ్చేవాటిని మెల్లగా నడిపిస్తాడు. కాబట్టి అమ్మా, మీ అమ్మగారి జబ్బు గురించో మీ ఉద్యోగం గురించో ఎవరైనా వచ్చి "దేవుడు నీ కాలు విరుస్తున్నాడు" అంటే, ఆ మాట మా తాత దగ్గరే చెల్లలేదని చెప్పండి. కష్టాల ద్వారా దేవుడు నేర్పడా అంటే నేర్పుతాడు, శిక్షణ గురించి హెబ్రీయులకు పత్రిక 12లో ఉంది, అది తండ్రి బిడ్డ పోలిక. దాన్ని తెచ్చి దీనికి అతికించకూడదు.

సరే, పచ్చిక దగ్గరికి వద్దాం. క్యాలెండర్లలో వేసే బొమ్మ మర్చిపోండి, ఆ స్విట్జర్లాండ్ కొండలు దావీదు తిరిగిన యూదయలో లేవు. ఆయన ఊరు బేత్లెహేము సుమారు 775 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కణ్నుంచి తూర్పుకు పాతిక కిలోమీటర్లలోపే మృత సముద్రం, అది సముద్రమట్టానికి 430 మీటర్లకు పైగా కింద. కొండ మీద ఏడాదికి 500 మిల్లీమీటర్లకు పైగా కురిసే వాన కింద మృత సముద్రం ఒడ్డున 100 కూడా దాటదు. దావీదు మేపింది ఈ రెండింటి మధ్య ఉన్న వాలు మీదే అయి ఉండాలి. చలికాలపు వానలకు రాళ్ల సందుల్లో పిలకలు లేస్తాయి, కొన్ని వారాలు పచ్చగా ఉంటుంది, ఎండ ముదిరితే మళ్లీ గోధుమ రంగు. మా వైపు తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు, మా మందలు ఎండాకాలంలో కృష్ణ ఆయకట్టు వైపు వలస పోయేది కూడా ఇందుకే. అక్కడ "పచ్చికగల చోట్ల" అంటే ఏళ్ల తరబడి సరిపోయే మేత అనుకోవద్దు, ఈ పూటకు సరిపోయే మేత ఉన్న చోటు, రేపు ఇంకో చోటు, ఆ చోటు కాపరికి తెలుసు. "నాకు లేమి కలుగదు" అన్నది బ్యాంకు బ్యాలెన్సు గురించి అనిపించేది నాకు ఒకప్పుడు. ఇది యేసు నేర్పిన "మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము" అన్న ప్రార్థనకు చుట్టం. ఈఎంఐలు, అమ్మ మందుల ఖర్చు, వచ్చే ఏడాది ప్రాజెక్టు ఉంటుందో ఉండదో అన్న టెన్షన్, ఇవన్నీ ఒకేసారి మీద వేసుకుని పడుకునే రాత్రి ఈ వచనాన్ని ఈ పూట వరకే చదివి చూడండి. ఈ పూట మేత ఉందా? ఉంది. రేపటి చోటు నాకు తెలియదు, తెలిసినవాడు ముందు నడుస్తున్నాడు.

"పరుండజేయుచున్నాడు" అన్నదాన్ని నిద్ర అనుకుంటారు చాలామంది. గొర్రె మధ్యాహ్నం చెట్టు కింద పడుకున్నప్పుడు దగ్గరికెళ్లి చూడండి, కళ్లు సగం మూసి ఉంటాయి, దవడ మాత్రం ఆగదు. నెమరు వేస్తుంటుంది. పొద్దున గబగబా కొరికి మింగినదాన్ని మళ్లీ నోట్లోకి తెచ్చుకుని నిమ్మళంగా నమిలితేనే అది ఒంటికి పడుతుంది, రోజులో దాదాపు మూడో వంతు దానికే పోతుంది. ఆకలిగా ఉన్నా, కుక్క అరిచినా, పక్క గొర్రె కుమ్మినా లేచి నిలబడిపోతుంది, నెమరు ఆగిపోతుంది. మన తెలుగులో ఎంత చక్కగా ఉందో చూడండి, జ్ఞాపకాన్ని తిరగేసుకోవడాన్ని కూడా నెమరు వేసుకోవడం అంటాం. మనం వాక్యాన్ని మేస్తున్నాం బాగానే, పొద్దున యాప్‌లో ఒక వచనం, వాట్సాప్‌లో ఇంకో నాలుగు, ప్రయాణంలో ఒక ప్రసంగం ఒకటిన్నర స్పీడులో. నెమరు ఎక్కడ? మీకు నేను చెప్పేది ఒక్కటే, షిఫ్టు అయ్యాక క్యాబ్‌లో ఫోన్ బ్యాగులో పెట్టేసి, ఆ రోజు చదివినదాంట్లోంచి ఒక్క వాక్యం నోట్లో తిప్పుకుంటూ ఇంటికి రండి. పది అధ్యాయాలు అక్కర్లేదు.

నైట్ షిఫ్టు అంటే గుర్తొచ్చింది. లూకా 2:8లో కాపరులు "రాత్రివేళ తమ మందను కాచుకొనుచుండగా" దేవదూత వచ్చాడు. యేసు పుట్టాడన్న శుభవార్త మొదట అందింది నైట్ డ్యూటీలో ఉన్నవాళ్లకే, మీరు దాన్ని లోటుగా చూడకండి. యాకోబు మామ ఇంట్లో 20 ఏళ్లు మందలు కాస్తూ చేసిన డ్యూటీ గురించి ఆదికాండము 31లో ఏమంటాడో చూడండి, "పగటి యెండకును రాత్రి మంచుకును నేను క్షీణించిపోతిని, నిద్ర నా కన్నులకు దూరమాయెను." ఇది ప్రసంగం కాదు, జీతం విషయంలో మోసపోయినవాడి కడుపుమంట. అమ్మ మంచం పక్కన రాత్రి మూడింటికి కూర్చున్నప్పుడు మీకూ అలాంటి మాటే వస్తే సిగ్గుపడక్కర్లేదు.

ఇప్పుడు లెక్క. కాపరి పనిలో నాకు అన్నింటికంటే ముఖ్యం అనిపించేది, సంఘాల్లో అన్నింటికంటే తక్కువ కనబడేది ఇదే.

మా తాత దొడ్డి అంటే చుట్టూ ముళ్లకంప, ఒకచోట మనిషి పట్టేంత సందు. పొద్దు గుంకేటప్పుడు ఆ సందులో కర్ర అడ్డంగా పట్టుకుని నిలబడేవాడు, కర్ర కిందుగా ఒక్కొక్కటే దూరి లోపలికి పోవాలి. లేవీయకాండము 27:32లో "కోలక్రింద నడుచు" అని ఉంటుంది చూడండి, ఆ మాట చదివినప్పుడల్లా నాకు ఆ సందే కళ్లముందు ఉంటుంది. లెక్కపెట్టేటప్పుడు కర్రతో పాటు ఆయన రెండో చెయ్యి కూడా పనిలో ఉండేది, ఒకదాని వీపు తడిమేవాడు, ఒకదాని చెవి వెనక రక్తం పీల్చే గోమారి పురుగును పీకేవాడు, ఒకదాన్ని ఆపి గిట్ట ఎత్తి చూసేవాడు. లెక్క అంటే అంకె ఒక్కటే కాదన్నమాట, ఒక్కొక్కదాన్ని రోజుకొకసారి ముట్టుకోవడం. అన్నీ లోపలికి పోయాక ఆ సందులోనే అడ్డంగా గొంగడి పరిచి పడుకునేవాడు. "నేనే ద్వారమును" అన్న మాటకు నాకు వేరే వివరణ ఎప్పుడూ కావాల్సి రాలేదు.

ఒక సాయంత్రం 81 రావాలి, 80 వచ్చాయి. మళ్లీ పెట్టాడు, 80. ఏది రాలేదో ఆయనకు లెక్క పూర్తి కాకముందే తెలుసు, చెవి చీలిన గొర్రె. టార్చి ఇచ్చి నన్ను వెంట తీసుకెళ్లాడు. నేను "పిలువు తాతా, అరుస్తది కదా" అంటే నోరు మూసుకోమన్నాడు. తప్పిపోయిన గొర్రె మొదట అరుస్తుంది, చీకటి పడ్డాక, భయం పట్టాక అరవడం మానేస్తుందట, అరిస్తే ముందు వచ్చేది నక్క అని దానికి తెలుసు. మేము వాగు పక్క తుమ్మపొదల్లో వెతికాం, బొచ్చు ముళ్లకు పట్టుకుని కదలకుండా పడి ఉంది, టార్చి వెలుగు మొహాన పడ్డా చప్పుడు చేయలేదు. మేము వచ్చిన దారిలో దానికి పది అడుగుల దూరంలోంచే ఒకసారి దాటిపోయాం.

మన మధ్య తప్పిపోయినవాళ్లు కూడా ఇంతే అమ్మా. "ఏదైనా అవసరముంటే ఫోన్ చెయ్యండి" అని చెప్పేసి మన బాధ్యత అయిపోయిందనుకుంటాం. నిజంగా చిక్కుకుపోయినవాడు ఫోన్ చేయడు. మీరు చేయగలిగింది చెప్తాను, ఇది నేను 15 ఏళ్లుగా చేస్తున్నదే. మీకు అప్పజెప్పిన మనుషులు ఎవరో రాసుకోండి, పది మందికి మించొద్దు. అమ్మ, టీములో ఐదారుగురు, సంఘంలో ఇద్దరు, హాస్టల్లో ఉన్న చిన్న చుట్టం ఒకరు. శనివారం సాయంత్రం ఆ చీటీ తీసి ఒక్కొక్క పేరు మీద వేలు పెట్టి, ఈ వారం ఈ మనిషి గొంతు విన్నానా అని అడుక్కోండి. ఫార్వర్డ్ చేసిన వచనాలు లెక్కలోకి రావు, గొంతు వినాలి. ఎవరి గొంతు రెండు వారాలుగా వినలేదో వాళ్ల ఇంటికి పోవాలి, లేదా ఫోన్ చేసి ఊరికే మాట్లాడాలి, ప్రార్థన మొదటి నిమిషంలోనే మొదలుపెట్టకుండా. మీ పేరు కూడా ఎవరో ఒకరి చీటీలో ఉండాలి. లేకపోతే ఒకరిని అడిగి మరీ రాయించుకోండి, మొహమాటపడొద్దు.

టీమ్ లీడ్ పని గురించి ఒక్క వచనం చాలు. ఆదికాండము 33లో ఏశావు తన తమ్ముడు యాకోబును తనతో పాటు రమ్మంటాడు, వెంట 400 మంది మగాళ్లున్న దండు వేగం అది. యాకోబు ఒప్పుకోడు, పిల్లలు చిన్నవాళ్లు, పాలిచ్చే జీవాలున్నాయి, "ఒక్కదినమే వాటిని వడిగా తోలినయెడల ఈ మంద అంతయు చచ్చును" అంటాడు. పసిపిల్లల తల్లి టీములో ఉన్నప్పుడు, కొత్తగా చేరినవాడు ఉన్నప్పుడు, పైనుంచి ఏశావు లాంటి మేనేజరు "రేపటికల్లా" అంటే ఈ మాట మర్యాదగా చెప్పగలగడం మీ కాపరితనం. యాకోబు ఎంత మర్యాదగా చెప్పాడో గమనించండి, ప్రభువు ప్రభువు అంటూనే తన వేగం మార్చుకోలేదు. నేనైతే ఇందులో ఫెయిలైనవాణ్ణి. ఒక వేసవిలో సండే స్కూల్ పిల్లలకు 40 రోజుల్లో కొత్త నిబంధన మొత్తం చదివించాలని పోటీ పెట్టాను, చార్టులు, నక్షత్రాలు, వెనకబడినవాళ్ల పేర్లు బోర్డు మీద. 14 మందిలో ముగ్గురు పూర్తి చేశారు, నలుగురు తర్వాత సండే స్కూలుకే రాలేదు. వడిగా తోలాను, అంతే.

నీళ్ల గురించి బైబిల్లో యెహెజ్కేలు గ్రంథం 34వ అధ్యాయం మొత్తం చదవాలి, కూర్చుని, ఒకేసారి. మొదటి భాగం చెడ్డ కాపరుల మీద, అది అందరూ ఎత్తి చూపిస్తారు. 17వ వచనం నుంచి మాత్రం దేవుడు గొర్రెల వైపు తిరుగుతాడు, అక్కడ ఎవరూ ఆగరు. బలిసిన గొర్రెలు శుభ్రమైన నీళ్లు తాగేసి మిగిలినవాటిని కాళ్లతో కలక చేస్తాయి, పక్కతో భుజంతో తోసి బలహీనమైనవాటిని బయటికి నెట్టేస్తాయి. నీళ్ల తొట్టి దగ్గర నేను లెక్కలేనన్నిసార్లు చూశాను ఇది, చిన్న పిల్లలకు చివరికి మిగిలేది బురదే. సంఘంలో ఇది ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా? పాట ఎప్పుడూ ఒకే ఇంటివాళ్లకు, మైకు ఎప్పుడూ ఒకే చేతిలో, కొత్తగా వచ్చిన పేద కుటుంబానికి గుమ్మం దగ్గర చోటు, కులం అడక్కుండానే అడిగే ప్రశ్నలు. ఇది పాస్టరు తప్పు అని చేతులు దులుపుకోవడానికి లేదు, తోసేది మన భుజాలే. రోజువారీ బతుకులో కూడా నేను తాగి వచ్చిన చోట వెనక వచ్చేవాడికి నీళ్లు శుభ్రంగా ఉన్నాయా అన్న ప్రశ్న చాలా చోట్ల పనికొస్తుంది, ఆఫీసులో అందరూ చదివే ఫైలు దగ్గర్నుంచి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు దాకా.

23వ కీర్తనలో దుడ్డుకర్ర, దండం అని రెండు కర్రలున్నాయి. దుడ్డుకర్ర లావుగా, పొట్టిగా, తోడేలు కోసం. దండం పొడుగ్గా, ఆనుకోవడానికి, అవసరమైతే జీవాన్ని పక్కకు మళ్లించడానికి. మొదటిది బయటివాడి మీదికి, రెండోది లోపలివాడి కోసం. ఈ రెండూ తారుమారైన ఇళ్లు చాలా చూశాను, బయటివాళ్ల ముందు మెత్తగా, ఇంట్లోవాళ్ల మీద దుడ్డుకర్ర. యెరూషలేము నుంచి యెరికోకు దిగే దారి పక్కన వాదీ కెల్ట్ అని నిట్టనిలువు గోడల మధ్య ఒక లోయ ఉంది, చాలామంది ఈ కీర్తనలోని "గాఢాంధకారపు లోయ" అనగానే దాన్నే తలచుకుంటారు. అదేనో కాదో ఎలా ఉన్నా, అలాంటి లోయల్లోంచి మందను తీసుకెళ్లడం తప్పదు, ఒక మేత నుంచి ఇంకో మేతకు దారి అది. ఆ వచనంలో ఒక మార్పు చూశారా, అప్పటిదాకా "ఆయన" అన్న దావీదు లోయ రాగానే "నీవు" అంటాడు.

లోయ అన్నాక అన్నీ బయటికి రావు, దాని గురించి కూడా మాట్లాడాలి. ఆమోసు 3:12లో గొల్లవాడు సింహం నోట్లోంచి రెండు కాళ్లో చెవి ముక్కో విడిపించినట్టు అని ఉంది. ప్రవక్త ఆ మాట అన్నది తీర్పు గురించి, దాన్ని నేను వేరే సందర్భానికి తెస్తున్నానని ఒప్పుకుంటున్నాను. కానీ ఆ చెవి ముక్క నాకు బాగా తెలుసు. ఇన్సూరెన్సు ఉన్న గొర్రె చనిపోతే ట్యాగు ఉన్న చెవి చూపించాలి, ట్యాగు లేకపోతే క్లెయిము లేదు. అందుకని కాపరులు చెవి కోసి కవరులో పెట్టుకుని ఆఫీసుకు వచ్చేవాళ్లు. ఒకాయన అలా టేబుల్ మీద కవరు పెట్టి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ గొర్రెకు ఇరవై రోజుల జబ్బు, రోజూ నన్ను ఇంటికి పిలిచాడు, నేనే సూదులు వేశాను. నిర్గమకాండము 22:13లో ఉన్న నియమం కూడా ఇలాంటిదే, చీల్చబడిన జంతువును సాక్ష్యంగా తెస్తే కాపరి నష్టం కట్టక్కర్లేదు. నువ్వు అక్కడ ఉన్నావు, పోరాడావు అనడానికి ఆ ముక్క సాక్ష్యం. మా సండే స్కూల్లో చదివిన ఒక అబ్బాయి తర్వాత తాగుడుకు పడ్డాడు, నాలుగేళ్లు తిరిగాం ఆయన వెంట, కుదరలేదు, పోయాడు. ఆయన కూతురు ఇప్పుడు మూడో తరగతి, ఆదివారం ముందు వరసలో కూర్చుంటుంది. అమ్మగారి విషయంలో మీరు చేయగలిగింది చేశాక కూడా కొన్ని మీ చేతిలో ఉండవు, దానికి మిమ్మల్ని మీరు చెడ్డ కాపరి అనుకోవద్దు.

నూనె గురించి ఒక్క మాట, ఎందుకంటే ఎవరో ఒకరు మీకు చెప్తారు, ముక్కులో దూరే ఈగలు రాకుండా గొర్రె తలకు నూనె రాస్తారని, 23వ కీర్తన ఐదో వచనం అదేనని. ఆ ఈగలు నిజమే, పుండ్లకు వేపనూనె మేమూ రాసేవాళ్లం. కానీ ఐదో వచనంలో భోజనం, గిన్నె, నూనె మూడూ కలిపి ఉన్నాయి, గొర్రె గిన్నెతో తాగదు కదా. అక్కడికి వచ్చేసరికి పోలిక మారి ఇంటికి వచ్చిన అతిథి మర్యాద అయింది. యేసు తనను భోజనానికి పిలిచిన సీమోనుతో, నూనెతో నా తల నీవు అంటలేదు అని లూకా 7:46లో అన్నది ఆ మర్యాద గురించే. ఈగల కథ లేకుండానే వచనం నిండుగా ఉంది.

మీ చివరి ప్రశ్నకు సూటిగా జవాబు, కాపరిని ప్రశ్నించకూడదా? కాపరి అన్న మాట పాస్టరు గారికి మనం పెట్టుకున్న పేరు, అది గౌరవంగా ఉండాల్సిందే, నేను అయ్యగారు అనే పిలుస్తాను. కానీ యేసు శిష్యుడు పేతురు తన మొదటి పత్రిక 5:3లో సంఘ పెద్దలకే రాశాడు, ప్రభువులైనట్టు ఉండొద్దు, మందకు మాదిరులుగా ఉండండి అని. ఆ తర్వాతి వచనంలోనే ప్రధాన కాపరి, అంటే క్రీస్తు, వేరే ఉన్నాడని గుర్తు చేశాడు. పౌలు చెప్పినదాన్ని కూడా లేఖనాలతో సరిచూసుకున్న బెరయ ఊరివాళ్లను అపొస్తలుల కార్యములు 17:11 మెచ్చుకుంది. కానుకల లెక్క, పెళ్లి నిర్ణయం, ఏ డాక్టరు దగ్గరికి వెళ్లాలి, వీటిలో ఎవరైనా "గొర్రెవి, నోరు మూసుకో" అంటే, దుడ్డుకర్ర తప్పు వైపు తిరిగిందని అర్థం. మర్యాదగా పక్కకు జరిగి తెలిసినవాళ్లతో మాట్లాడండి.

ఆన్‌లైన్‌లో మన క్రైస్తవులను గొర్రెలని వెక్కిరించేవాళ్ల గురించి కూడా రాశారు. నేను పట్టించుకోను. వాళ్లలో సగం మంది గొర్రెను మీ కంటే దగ్గరగా చూసి ఉండరు.

మీరు మాత్రం చూడాలి. డిసెంబరులోనో జనవరిలోనో సెలవు పెట్టి అమ్మగారి ఆరోగ్యం బాగుంటే ఆమెను కూడా తీసుకుని, శంషాబాద్ దాటి పాలమూరు రోడ్డు మీద కొంత దూరం రండి. పంట కోసిన పొలాల్లో మంద పెట్టి ఉంటారు, రైతు ఎరువు కోసం పెట్టించుకుంటాడు, రాత్రికింత అని ఇస్తాడు. సాయంత్రం ఐదున్నరకల్లా అక్కడ ఉండండి. తినడానికి ఏదైనా పట్టుకెళ్లి ఇచ్చి, చూడొచ్చా అని అడగండి, కాదనరు. జీవాలు లోపలికి పోయేటప్పుడు మాత్రం పలకరించకండి, ఫోటో తీస్తానని ముందుకు పోకండి. లెక్క తప్పితే అన్నింటినీ బయటికి తోలి మళ్లీ ఒకటి నుంచి పెట్టాలి, గట్టిగానే తిడతారు.